ఎడమ సీటు చదువు

1939 జులై 1న దేశమంతటా కొత్త మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చింది. డ్రైవింగ్ పరీక్ష ఎలా ఉండాలో దాని మూడో షెడ్యూలులో వివరంగా రాశారు. అభ్యర్థి ఇంజను స్టార్టు చేయాలి. కుడి ఎడమ మలుపులు సవ్యంగా తిప్పాలి. ఎదురొచ్చే బండిని తప్పుకోవాలి, అవసరమైతే ఉన్నపళంగా ఆపాలి. బండిని వెనక్కి నడిపి ఇరుకు సందులోకి చొప్పించాలి. చేతి సంకేతాలు తెలిసి ఉండాలి. 25 గజాల అవతల నిలిపిన కారు నంబరు చదవగలగాలి. జీతానికి నడిపేవాడైతే ఆ సంగతి లైసెన్సులో విడిగా రాయించుకోవాలి. లారీ, బస్సు తోలాలంటే 20 ఏళ్ళు నిండాలి. ఇన్ని షరతులు పెట్టిన చట్టం ఒక్క ప్రశ్న మాత్రం వేయలేదు: ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నావు?

వేసి ఉంటే దేశంలోని లారీ డ్రైవర్లలో చాలామంది ఒకటే జవాబు చెప్పేవారు. ఫలానా డ్రైవరు దగ్గర క్లీనరుగా చేశాను, ఆయనే నేర్పాడు అని.

ఏడెనిమిది దశాబ్దాల పాటు మన లారీ, బస్సు డ్రైవర్లను తయారుచేసిన బడి అదే. దానికి భవనం లేదు, రిజిస్టరు లేదు, ఫీజు లేదు. క్యాబిన్‌లో డ్రైవరుకు ఎడమ పక్క ఉండే చెక్క బల్లే తరగతి గది. ప్రభుత్వం ఆ బడిని ఎప్పుడూ గుర్తించలేదు, కానీ దాని మీదే ఆధారపడింది. బడి మూతపడిన తరవాతే ‘శిక్షణ’ అనే మాట చట్టాల్లో గట్టిగా వినపడటం మొదలైంది.

మోటారు బండి తెలుగు నేల మీదికి చాలా తొందరగానే వచ్చింది. 20వ శతాబ్దం మొదటి దశకంలోనే మద్రాసు సింప్సన్ కంపెనీ తయారుచేసిన ఆవిరి బస్సు బెజవాడ, బందరు మధ్య నడిచిందని మద్రాసు చరిత్రకారులు రాశారు. ఆ రోజుల్లో డ్రైవరంటే సగం మెకానిక్కు. బండి కొన్నవాళ్ళకు దాన్ని విప్పడం, బిగించడం తెలియదు. తెలిసినవాడిని వెతికి జీతానికి పెట్టుకునేవారు. 1914లో వచ్చిన మొదటి అఖిల భారత మోటారు చట్టం చాలా క్లుప్తం. లైసెన్సు ఉండాలంది, వయసు హద్దు పెట్టింది, మిగతా వివరాలు ప్రాంతీయ ప్రభుత్వాలకు వదిలేసింది. 1920ల నుంచి ప్రైవేటు బస్సులు జిల్లా కేంద్రాలను కలపడం మొదలుపెట్టాక డ్రైవర్ల అవసరం పెరిగింది. ఆ పెరిగిన అవసరాన్ని తీర్చడానికే డ్రైవరు పక్కన ఒక కుర్రాడు చేరాడు.

ఆ కుర్రాడికి చేతినిండా పని. సెల్ఫ్ స్టార్టు లేని బండ్లకు ముందు వైపు నుంచి ఇనప హ్యాండిల్ దూర్చి బలంగా తిప్పితేనే ఇంజను అందుకునేది. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ వేసి పట్టుకుంటే, ఇంజను ఎదురు తన్నినప్పుడు మణికట్టు విరిగేది. కాబట్టి వేళ్ళన్నీ ఒక వైపే ఉంచి పట్టుకోవాలన్నది క్లీనరు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను వచ్చి ‘బొగ్గు బస్సులు’ తిరిగినప్పుడు ఈ పని ఇంకా పెరిగింది. బస్సు వెనక బిగించిన కొలిమిలో బొగ్గు రాజేసి, గ్యాసు పుట్టేదాకా బ్లోయరు తిప్పుతూ కూర్చోవడం క్లీనరు వంతు. ప్రయాణికులు ఎక్కడానికి చాలా ముందే అతని రోజు మొదలయ్యేది.

అదే యుద్ధం ఈ వృత్తికి మరో బడి తెరిచింది. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ యుద్ధ అవసరాల కోసం పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళకు పెద్ద ఎత్తున లారీలు నడపడం నేర్పింది. యుద్ధం ముగిశాక మిలిటరీ లారీలు వేలంలో అమ్ముడయ్యాయి, మిలిటరీ డ్రైవర్లు ఇళ్ళకు చేరారు. బండి, తోలేవాడు ఒకేసారి బజారులోకి వచ్చారన్నమాట. ఒక పద్ధతి ప్రకారం, పాఠాల క్రమంలో డ్రైవింగ్ నేర్చుకున్న మొదటి పెద్ద తరం బహుశా వీళ్ళదే. కానీ ఆ క్రమం బయటి లారీల మీద నిలవలేదు. మిలిటరీ నుంచి వచ్చిన డ్రైవరు పక్కన కూడా ఒక క్లీనరే కూర్చున్నాడు, పాత పద్ధతిలోనే నేర్చుకున్నాడు.

ఇక స్వాతంత్ర్యం తరవాత లారీ దేశాన్ని నిజంగా మోయడం మొదలుపెట్టింది. మద్రాసులో అశోక్ లేలాండ్, 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్-బెంజ్ బండ్లు తయారయ్యాయి. బెంజ్ కంపెనీతో ఒప్పందం 1969లో ముగిసి ముందు గ్రిల్లు మీది నక్షత్రం పోయి ‘టి’ అక్షరం వచ్చినా, జనం నోట చాలాకాలం అది బెంజి లారీయే. బెజవాడలో 1960ల్లో ఆటోనగర్ వెలిసింది. చాసిస్ మీద బాడీ కట్టేవాళ్ళు, పట్టీలు బిగించేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, పెయింటర్లు, టైర్ల వాళ్ళు ఒక ఊరంతటి చోట చేరారు. లారీ షెడ్డులో ఉన్న రోజుల్లో క్లీనరు మెకానిక్కుకు స్పానర్లు అందిస్తూ ఇంజను సంగతులు తెలుసుకునేవాడు. రోడ్డు మీద, నట్టనడి రాత్రి బండి ఆగిపోయినప్పుడు అక్కరకొచ్చే విద్య అది.

ఈ బడిలో పాఠాల క్రమం ఎక్కడా రాసిపెట్టలేదు, కానీ ఒక వరుస ఉండేది. చేరగానే కడగడం, తుడవడం, రేడియేటరులో నీళ్ళు పోయడం, గ్రీజు కొట్టడం. డ్రైవరుకు కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండిపెట్టడం కూడా అందులోదే. ఆగిన ప్రతిచోటా కిందికి దూకి చక్రం కింద రాయో చెక్కముక్కో పెట్టాలి. ఇనప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి చూడాలి. గాలి తగ్గిన టైరు మోత వేరుగా ఉంటుంది. లోడు ఎక్కించాక పట్టా కప్పి, తాడు బిగించి కట్టాలి. వదులైన తాడుతో బయల్దేరిన లోడు మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది, బండి దానితోపాటు పోతుంది. బరువు ఎక్కడుందో, అది ఎటు లాగుతుందో స్టీరింగ్ పట్టకముందే చేతులకు తెలిసేది ఇలాగే.

తరవాతి మెట్టు మాట. రివర్సులో డ్రైవరుకు వెనక కనిపించదు. క్లీనరు కిందికి దిగి బాడీ మీద అరచేత్తో చరుస్తూ ‘రానీ రానీ... కట్ చెయ్... చాల్చాల్’ అంటుంటే ఆ గొంతును నమ్ముకుని బండి వెనక్కి వెళుతుంది. బస్సులో ‘రైట్ రైట్’, ‘హోల్డాన్’ ఎంత శాసనమో లారీకి ఈ కేకలు అంతే. రాత్రి పూట డ్రైవరుకు కునుకు రాకుండా కబుర్లు చెప్పడం కూడా క్లీనరు ఉద్యోగంలో భాగమే. అలా కబుర్లు చెబుతూనే గేర్లు ఎప్పుడు మారుతున్నాయో, మలుపుకు ఎంత ముందు వేగం తగ్గుతోందో వేల కిలోమీటర్ల పాటు చూసేవాడు.

ఆ గేర్లే అసలు పరీక్ష. పాత లారీల గేరుబాక్సులో పళ్ళు వాటంతట అవి కలిసేవి కావు. పై గేరు నుంచి కింది గేరుకు రావాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తేవాలి, క్లచ్ వదలాలి, ఇంజను వేగం చక్రాల వేగానికి సరిపడేలా యాక్సిలరేటరు ఒక్కసారి తొక్కి వదలాలి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. ఇదంతా ఒకటి రెండు క్షణాల్లో, చెవితో విని చేసే పని. తప్పితే పళ్ళు గరగరమంటాయి. ఎత్తులో తప్పితే బండి వెనక్కి జారుతుంది. దిగుడులో తప్పితే న్యూట్రల్‌లోనే ఉండిపోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు అని ఉస్తాద్‌లు పదేపదే చెప్పింది ఇందుకే. దిగుడులో డీజిలు ఆదా చేద్దామని న్యూట్రల్ వేసే అలవాటు ఎంతమందిని పొట్టన పెట్టుకుందో ఘాట్‌రోడ్ల లోయలకు తెలుసు.

చివరికి ఒక రోజు, సాధారణంగా ఖాళీ బండితో తిరిగొస్తున్న రాత్రి, తిన్నటి రోడ్డు చూసి డ్రైవరు ‘ఏరా, పడతావా’ అనేవాడు. తెలంగాణ లారీల మీద ఆ అడిగేవాడు ఉస్తాద్, కోస్తాలో గురువుగారు. అడిగేదాకా ఆగాలి. ముందుగా నోరు తెరిచి అడిగితే తిట్లు, ఒక్కోసారి దెబ్బలు. గేరు గరగరమంటే నెత్తిన మొట్టికాయ. ఆ కాలాన్ని తలచుకుని మురిసిపోయేవాళ్ళున్నారు గానీ, అందులో మురిసిపోవడానికి లేని సంగతులు చాలా ఉన్నాయి. చేరేవాళ్ళలో పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు ఉండేవారు. జీతం నామమాత్రం, తిండి బేటాలో సర్దుబాటు, పడక లోడు మీద. నేర్పాలన్న బాధ్యత ఎవరికీ లేదు. డ్రైవరు మనసు కలిగితే రెండేళ్ళలో స్టీరింగ్, లేకపోతే ఐదేళ్ళయినా పానా పట్టుకునే ఉండాలి. పైగా డ్రైవరుకున్న మంచీ చెడూ రెండూ కుర్రాడికి అందేవి. న్యూట్రల్‌లో దించే ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాడు న్యూట్రల్‌లోనే దించుతాడు.

చట్టం ఇక్కడ ఏం చేస్తోంది? 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, పిల్లలను పనిలో పెట్టుకోకూడదు, యూనిఫాం ఇవ్వాలి, క్యాంటీను, విశ్రాంతి గది ఉండాలి. చదవడానికి చాలా బాగుంటుంది. అయితే ఐదుగురు లేక అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకే ఆ చట్టం వర్తించేది. మన లారీలలో ఎక్కువ భాగం ఒకటి రెండు బండ్ల యజమానులవి. ఒక డ్రైవరు, ఒక క్లీనరు, అప్పుడప్పుడు యజమానే డ్రైవరు. ఆ చట్టం గడప దాకా వచ్చి ఆగిపోయింది. ఇక 1939 చట్టం పెట్టిన గంటల పరిమితి, అంటే ఏకబిగిన 5 గంటలు, రోజుకు 9, వారానికి 54, బెజవాడలో లోడు ఎత్తి కలకత్తాకు బయల్దేరిన లారీలో లెక్కపెట్టేవాడెవరు?

లైసెన్సు వ్యవహారం ఈ ప్రయాణానికి ఆఖరి మజిలీ. అప్పటికే బండి నడుపుతున్నవాడు కాగితం కోసం ఆఫీసుకు వెళ్ళేవాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని కొంత దూరం నడిపించి, ఎనిమిది అంకె వేయించి, వెనక్కి తీయించి చూస్తాడు. ఆ పరీక్ష నిమిషాల్లో ముగుస్తుంది. దానికి అర్థం ఉండేదంటే వెనక నాలుగైదేళ్ళ ఎడమ సీటు చదువు ఉంది కాబట్టే. హెవీ లైసెన్సు, దానితోపాటు ఛాతీకి పెట్టుకునే ఇత్తడి బ్యాడ్జి చేతికొస్తే ఊళ్ళో మర్యాద మారేది, పెళ్ళి సంబంధాలు వచ్చేవి. ఎన్టీఆర్ ‘డ్రైవర్ రాముడు’ 1979లోనూ, బాలకృష్ణ ‘లారీ డ్రైవర్’ 1990లోనూ వచ్చాయంటే ఆ వృత్తికి తెర మీద కూడా ఒక ఠీవి ఉన్నట్టే. క్లీనరుకు మాత్రం హాస్యపాత్రే మిగిలింది.

ఈ కథలో వేరుగా నడిచింది ఒక్క ఆర్టీసీయే.

1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన కింద రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులవి; వాటిలో ఒకటి హైదరాబాదు బస్ భవన్‌లో ఇప్పటికీ ఉంది. రైల్వే కడుపున పుట్టింది కాబట్టి ఈ శాఖకు మొదటి నుంచీ కాగితం, క్రమశిక్షణ అలవాటు. ఎవరు ఏ గంటకు డ్యూటీ ఎక్కారు, ఎప్పుడు దిగారు, ఎన్ని మైళ్ళు నడిపారు, ఎంత ఇంధనం తాగింది, ఏం చెడింది అన్నీ రాతలోకి రావాలి. 1951లో ఈ శాఖ రైల్వే నుంచి విడిపోయింది, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అయింది. ఆ వెంటనే కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను జాతీయం చేయబోతే యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు పేరుతో అది నేటికీ న్యాయ విద్యార్థుల పాఠాల్లో ఉంది: అభ్యంతరాలు విన్నది ఒకరు, తీర్పు చెప్పింది మరొకరు అయితే అది విచారణే కాదని కోర్టు తేల్చింది. మొత్తానికి వాయిదాలు పడుతూనే కోస్తా రూట్లు కూడా సంస్థ చేతికి వచ్చాయి.

ఆర్టీసీలోకి వచ్చే డ్రైవరు ఏమీ తెలియకుండా వచ్చేవాడు కాదు. హెవీ లైసెన్సు, కొంత అనుభవం అడిగేవారు. అంటే లారీల మీద, ప్రైవేటు బస్సుల మీద తయారైనవాడే వచ్చేవాడు. తేడా ఆ తరవాత. అతన్ని మళ్ళీ మొదటి నుంచి కూర్చోబెట్టి చెప్పేవారు. ఎత్తు కొలుస్తారు, కళ్ళు చూస్తారు, రంగులు గుర్తుపట్టగలడో లేదో పరీక్షిస్తారు. శిక్షణ కళాశాలలో తరగతులు, ఆ పైన రూటు మీద పాత డ్రైవరు పక్కన కొన్నాళ్ళు. డిపోల్లో సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టరు అని ఒక ఉద్యోగమే పెట్టారు. ప్రమాదం చేసినవాడిని, డీజిలు ఎక్కువ తాగించేవాడిని మళ్ళీ శిక్షణకు పంపేవారు. తిరుమల సంగతి ఇంకా వేరు. 1944లో మొదటి ఘాట్‌రోడ్డు తెరిచారు, 1974లో రెండోది వచ్చింది. ఆ కొండ మీద బస్సు నడపాలంటే మైదానంలో ఎన్నేళ్ళు నడిపినా చాలదు. ఘాట్ శిక్షణ విడిగా తీసుకుని, అందులో నెగ్గాలి. 1999లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా ఏపీఎస్ ఆర్టీసీ గిన్నిస్ పుస్తకం ఎక్కింది. అన్ని వేల బస్సులు ఒకే పద్ధతిలో నడవడం వెనక ఈ శిక్షణ కూడా ఉంది.

అలాగని అక్కడ అంతా సవ్యమే అనలేం. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో ఎక్కాల్సిన వారికంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. ఆ డ్రైవరు ఉత్తమ డ్రైవరుగా సత్కారం అందుకుని నెల కూడా కాలేదని పత్రికలు రాశాయి. బండి వయసు, లోడు, రూటు నిర్ణయం డ్రైవరు చేతిలో ఉండవు. ఎంత శిక్షణ ఇచ్చినా అవి మారవు. మరుసటి ఏడాది తెలంగాణ ఆర్టీసీ కార్మికులు అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేశారు. హెవీ లైసెన్సు చూపించినవాళ్ళను రోజుకూలి మీద తెచ్చి బస్సులు నడిపించారు. ఆ రోజుల్లో జరిగిన ప్రమాదాల వార్తలు చదివినవాళ్ళకు, లైసెన్సున్న మనిషికీ ఆర్టీసీ డ్రైవరుకూ మధ్య ఉన్న దూరం విడమరిచి చెప్పనక్కరలేదు.

లారీల వైపు మాత్రం ప్రభుత్వానికి శిక్షణ సంగతి 1988 చట్టంతోగాని తట్టలేదు. 1989 జులై 1 నుంచి అమలైన ఆ చట్టం ప్రకారం రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు కావాలంటే ముందు కనీసం ఏడాది పాటు లైట్ లైసెన్సు ఉండాలి. డ్రైవింగ్ స్కూళ్ళకు అనుమతి తప్పనిసరి అయింది, వాటికి సిలబస్ రాశారు. రవాణా వాహనానికి శిక్షణ 30 రోజులు, అందులో చేత్తో నడిపేది కనీసం 15 గంటలు. నేర్పినట్టు స్కూలు ఫారం-5 ఇవ్వాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నావన్న ప్రశ్న ఎట్టకేలకు కాగితం మీదికి వచ్చింది. కానీ పేటల్లోని డ్రైవింగ్ స్కూళ్ళలో ఎక్కువ వాటికి ఉన్నది రెండు కార్లు, ఒక స్కూటరు. లారీ కొని, దాన్ని లోడు లేకుండా తిప్పి నేర్పడం వాటి తాహతు కాదు. క్లీనరు లారీ మీద నేర్చుకున్నాడు, ఫారం స్కూలు నుంచి తెచ్చుకున్నాడు. రెండు బళ్ళు ఒకదాన్నొకటి చూడకుండా పక్కపక్కనే నడిచాయి.

చదువు నిబంధన ఇంకో తమాషా. రవాణా వాహనం నడపాలంటే 8వ తరగతి పాసై ఉండాలని కేంద్ర నిబంధనల్లో ఉండేది. అయిదు రాష్ట్రాల బోర్డులు అయిదు లిపుల్లో ఉండే దారిలో, మైలురాళ్ళను బట్టి కాక ధాబాలను, వంతెనలను, చెట్లను గుర్తుపెట్టుకుని వెళ్ళే డ్రైవరుకు ఆ సర్టిఫికెట్ ఏం చేసిపెట్టిందో తెలియదు. ఎనిమిదో తరగతి దాకా చదివే వీలున్న పిల్లవాడు క్లీనరుగా చేరడు. చేరినవాడు ఎనిమిది దాకా వెళ్ళలేదు. 2019 జూన్‌లో కేంద్రం ఈ నిబంధన ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. మేవాత్ ప్రాంతంలో వేరే బతుకుతెరువు లేని నిరుపేదలకు ఇది అడ్డమవుతోందని హర్యానా ప్రభుత్వం అడగడం ఒక కారణం. రవాణా రంగంలో దాదాపు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని అప్పుడు మంత్రిత్వ శాఖ చెప్పింది. చదువు అడగబోం గానీ శిక్షణ, నైపుణ్య పరీక్ష విషయంలో రాజీ ఉండదని కూడా అన్నది.

ఆ మాట అనేటప్పటికే ఎడమ సీటు ఖాళీ అయింది.

దీనికి కారణం ఒకటి కాదు. ట్యూబులెస్ టైర్లు వచ్చాయి, పవర్ స్టీరింగ్ వచ్చింది, గేర్లు మెత్తబడ్డాయి. చెన్నై–కోల్‌కతా రోడ్డు నాలుగు వరసలయింది. దారి అడగడానికి దిగే పని ఫోను చేస్తోంది. 2017 జులైలో జీఎస్టీ రావడంతో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి. కాగితాలు పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తే పని పోయింది. టోలు గేటు దగ్గర చిల్లర ఇచ్చే పని ఫాస్టాగ్ తీసుకుంది. కిరాయిలు గిట్టుబాటు కాని యజమాని మొదట కత్తిరించింది క్లీనరు జీతాన్నే. పల్లెలో పిల్లలు బడికి వెళ్ళడం పెరిగింది, అది అన్నిటికన్నా మంచి కారణం. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లుండాలి, రెండోవాడు కాళ్ళు చాపుకుని పడుకునే సీటు ఉండాలి అని నిబంధనల్లో ఉండేది. ఆ రెండో డ్రైవరు స్థానంలో ఆచరణలో క్లీనరే కూర్చునేవాడు. 2018లో ఆ నిబంధన కూడా పోయింది. ఒక్కడే డ్రైవరు వందల కిలోమీటర్లు వెళుతున్నాడు. నేర్చుకునేవాడు పక్కన లేడు, నిద్ర ఆపేవాడూ లేడు.

కొరత గురించి మాట్లాడేవాళ్ళు జీతాలు, గౌరవం, పెళ్ళి కాకపోవడం అన్నీ ఏకరువు పెడతారు. అవన్నీ నిజమే. వాటితోపాటు డ్రైవర్లు తయారయ్యే చోటే పోయిందన్న మాట అరుదుగా వినిపిస్తుంది.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే అనుకోనక్కరలేదు. అమెరికాలో 1986 చట్టం వాణిజ్య డ్రైవర్లకు దేశమంతటా ఒకే ప్రమాణం పెట్టింది, 1992 ఏప్రిల్ నుంచి ఆ లైసెన్సు లేకుండా పెద్ద లారీ నడపరాదంది. కానీ పరీక్షకు ముందు గుర్తింపు ఉన్న చోట శిక్షణ పొంది తీరాలన్న నిబంధన అమలయ్యేసరికి 2022 ఫిబ్రవరి 7 వచ్చింది. మధ్యలో ముప్పై ఏళ్ళు చర్చలు, కోర్టులు, వాయిదాలు. అంత తంటాలు పడి చేసిన నిబంధనలోనూ స్టీరింగ్ మీద ఇన్ని గంటలు గడపాలన్న లెక్క లేదు. అంశాలన్నీ వచ్చాయని శిక్షకుడు నమ్మితే చాలు.

మన దగ్గర గంటల లెక్క ఉంది. 2021 జులై 1 నుంచి అమలైన కొత్త నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో మీడియం, హెవీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటలు. కేంద్రానికి సొంత ట్రాకు, సిమ్యులేటరు ఉండాలి. అక్కడ నెగ్గినవాడికి రవాణా కార్యాలయంలో మళ్ళీ డ్రైవింగ్ పరీక్ష అక్కరలేదు. అంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసే నిమిషాల పరీక్షకు బదులు శిక్షణకే ప్రాధాన్యం ఇచ్చారు. 1939 నుంచి చూస్తే ఇది పెద్ద మార్పే. ఇలాంటి కేంద్రాలు కట్టడానికి ఎకరాల స్థలం, కోట్ల పెట్టుబడి కావాలి కాబట్టి లారీ కంపెనీల చేయూత తప్పడం లేదు. సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్ సహకారంతో నడుస్తున్న సంస్థ అలాంటిదే.

మరోవైపు మెట్లు కొన్ని సడలుతున్నాయి కూడా. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని లైట్ లైసెన్సుతోనే నడపవచ్చని, విడిగా మరో అనుమతి అక్కరలేదని తీర్పు ఇచ్చింది. బీమా కంపెనీలు పరిహారం ఎగవేయడానికి ఈ సాకు వాడుకుంటున్నాయన్న వాదనకు అది ముగింపు. చిన్న బండి మీద జీవనం సాగించే లక్షల మందికి ఊరట. అయితే ఆ మేరకు శిక్షణ షరతు కూడా తగ్గినట్టేనని మరచిపోకూడదు.

పాత బడిలో ఎప్పటికీ చోటు దొరకని వాళ్ళు ఆడవాళ్ళు. లోడు మీద పడుకుని, ధాబాల దగ్గర స్నానాలు చేస్తూ, నెలకు ఒకసారి ఇల్లు చూసే ఆ జీవితంలోకి ఆడపిల్లను ఎవరూ పంపరు, ఏ ఉస్తాదూ తీసుకోడు. నాటి నల్గొండ జిల్లాలోని తండా నుంచి వెళ్ళిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థకు తొలి మహిళా బస్సు డ్రైవరయ్యారు. సొంత రాష్ట్రంలో ఆర్టీసీ బస్సు స్టీరింగ్ పట్టడానికి ఆమెకు 2025 దాకా పట్టింది. కేంద్రాల్లో ఇచ్చే శిక్షణ మీద ఎన్ని విమర్శలున్నా, తలుపు ఆడపిల్లకు తెరుచుకునేది అక్కడే.

ఇప్పటి కుర్రాడు డ్రైవరు కావాలంటే దారులు వేరు. ఊళ్ళో ట్రాక్టరు మీద మొదలుపెడతాడు, తరవాత డీసీఎం, ఆ పైన ఇసుక టిప్పరో కాలేజీ బస్సో. ఎవరూ పక్కన కూర్చుని నేర్పరు. బండి ఎలాగూ తేలిక, నాలుగు రోజులు చూసి పట్టేస్తాడు. టిప్పరుకు తాడు కట్టే పని లేదు, బరువు ఎటు లాగుతుందో తెలిసే అవకాశమూ లేదు. 38 గంటల సిలబస్‌లో సిమ్యులేటరు మీద వాన, పొగమంచు, ఘాటు చూపించవచ్చు. ఇరవై టన్నుల లోడు వీపు మీద ఉన్నప్పుడు దిగుడులో బండి చేసే పని మాత్రం నిండు బండిలోనే తెలుస్తుంది. నిండు బండిని అప్పజెప్పి నేర్చుకో అనే యజమాని ఎక్కడున్నాడు?

హకీంపేట, వరంగల్‌లలో తన సిబ్బంది కోసం పెట్టుకున్న శిక్షణ వసతులను తెలంగాణ ఆర్టీసీ ఈమధ్య బయటివాళ్ళకూ తెరిచింది. ఫీజు కట్టినవాళ్ళకు హెవీ డ్రైవింగ్ నేర్పుతున్నారు. ఒకప్పుడు లారీల మీద తయారైన డ్రైవర్లను ఏరుకుని తీసుకున్న సంస్థ, ఇప్పుడు లారీల కోసం డ్రైవర్లను తయారుచేస్తోంది. నేర్చుకునేవాడు స్టీరింగ్ ముందు కూర్చుంటే ఎడమ వైపున శిక్షకుడు కూర్చుంటున్నాడు.